మా పికప్పూ, తాతగారి ముద్రా

ఆ రోజుల్లో అనుమానం మా ఇంట్లో మర్యాదలో ఒక భాగం. గడప తొక్కినవాడికి మజ్జిగ ఇచ్చేవాళ్ళం. అతను తాగుతున్నంతసేపూ ఎందుకు వచ్చి ఉంటాడా అని ఆలోచించేవాళ్ళం. ఉన్నవాళ్ళకు ఈ గుణం ఉంటే జాగ్రత్త అంటారు, పోగొట్టుకున్నవాళ్ళకు ఉంటే రోగం అంటారు. మాది ఏ కోవలోకి వస్తుందో ఇది చదివేవారే తేల్చుకోవచ్చు. కోలారు బంగారు గనులు తెల్లవాళ్ళ చేతిలో ఉన్న కాలంలో, భూమి లోపల కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలను కేజీఎఫ్‌కు సరఫరా చేసిన పెద్దమనుషుల్లో మా తాతగారు ఒకరు. ఆవని దగ్గరి మా ఊరి నుంచి ఆయన బండ్లు బయలుదేరితే, మొదటి బండి చెరువు కట్ట దాటినా చివరి బండి ఇంకా మా వాకిట్లోనే ఉండేదట. (బండ్ల సంఖ్య చెప్పేవారిని బట్టి పెరుగుతుంది. నేను చెబితే ఇంకొంచెం పెరుగుతుందని ఇక్కడ చెప్పడం లేదు.) గనులు సర్కారు చేతికి వచ్చాక దుంగలు కావాలంటే టెండరు వేయాలన్నారు. "మనం అర్జీ పెట్టుకునే వంశమా?" అని మా నాయన వేయలేదు. వాళ్ళే పిలుస్తారని పన్నెండేళ్ళు అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ పిలవలేదు. ఆయన పోయేనాటికి మాకు మిగిలింది సగం కూలిన పెంకుటిల్లు, రెండెకరాల టమోటా మడి, తాతగారు ఉత్తరాల మీద లక్క కరిగించి వేసే ఇత్తడి ముద్ర, బస్సులో కూడా సీటుకు ఆనుకోకుండా నిటారుగా కూర్చునే అలవాటు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో మా వంశంలో మొదటిసారిగా టెండరు వేసినవాణ్ణి నేను. దుంగలకు కాదు, గని క్యాంటీనుకు కూరగాయలు సరఫరా చేయడానికి. తాత దుంగలు మోయించిన చోటికి మనవడు వంకాయలు మోయించడమేమిటని కొందరు నవ్వారు. టెండరు కవరుకు లక్క ముద్ర వేయాలని నియమం ఉండటం నాకు కొంత ఊరట. తాతగారి ముద్ర తీసి, చింతపండుతో తోమి, దర్జాగా వేశాను. టెండరు నాకే వచ్చింది. అంతవరకూ ఆ పని చేస్తున్న ములబాగిలు మండీ ఆయన (మాకు దూరపు వరుసలో మామ అవుతాడు) మా ఇంటికి వచ్చి అభినందించి, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన ఎందుకు వచ్చాడా అని మేము వారం రోజులు ఆలోచించాము.

ఒప్పందంలో ఒక షరతు ఉండేది. ఉదయం గని సైరను కూత కూసే లోపల సరుకు క్యాంటీను గేటు దాటాలి. సంవత్సరంలో మూడుసార్లు ఆలస్యమైతే ఒప్పందం రద్దు, తరువాతి వాడికి ఇచ్చేస్తారు. తరువాతి వాడంటే ఆ మండీ మామే. అందుకని అద్దె బండిని నమ్ముకోకుండా సొంత బండి కొనాలనుకున్నాను. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పెట్టె అడుగు నుంచి తన వడ్డాణం తీసి ఇచ్చింది. ఇంట్లో మిగిలిన బంగారం అంతా అదే. "ఇది నా నడుముకు ఎట్లాగూ పట్టదు. నీ బండికైనా పట్టనీ" అంది. ఆమె కంట్లో నీళ్ళు లేవు, నవ్వు కూడా లేదు. ఆ రోజు నుంచి బండి చక్రం గుంతలో పడినప్పుడల్లా అవ్వ నడుము మీద పడినట్టు ఉండేది నాకు.

కోలారులో అప్పుడే ఒక కొత్త కంపెనీ పికప్ బండ్ల షోరూము తెరిచారు. కంపెనీ పేరు చెప్పను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పోయినవాళ్ళ గురించి చెడ్డగా చెప్పకూడదు. నేను అక్కడ ఎందుకు కొన్నానంటే, మిగతా చోట్ల నన్ను "ఏనప్పా" (ఏమయ్యా) అన్నారు, ఇక్కడ "యజమానరే, కూర్చోండి" అన్నారు. కాఫీ తాగేలోపలే సంతకం చేసేశాను. కురుడుమలె వినాయకుడి ముందు టెంకాయ కొట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాను. ఆ నాలుగు నిమ్మకాయలే ఆ బండి కింద సాఫీగా నలిగినవి. మూడో వారానికి హారన్ మూగబోయింది. నెలకు ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం మానేసింది, దిగాలంటే కిటికీలోంచి చెయ్యి బయటకు పెట్టి తీసుకోవాలి. వాన వస్తే వైపర్ ఆగేది, ఎండ కాస్తే కదిలేది. కంపెనీకి ఉత్తరాలు రాశాను. ప్రతిదానికీ అచ్చు వేసిన కాగితం మీద జవాబు వచ్చేది, మా వాహనం పట్ల మీరు చూపిస్తున్న ఆసక్తికి కృతజ్ఞతలు అని. హారన్ గురించి ఘాటుగా రాస్తే, కొత్త మోడల్ బండి రంగుల బొమ్మలున్న పుస్తకం పంపించారు. అందులో ఆ బండికి రెండు హారన్లున్నాయి.

ఇక బండి నడిపే మనిషి సంగతి. అతను అండర్సన్‌పేట వాడు, తండ్రి గనిలో రాళ్ళు కొట్టినవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. హారన్ పోయిన మరునాటి నుంచి మలుపు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి నోటితోనే "పాం పాం" అని అరిచేవాడు. ఎద్దుబండికి ఒక రకంగా, బస్సుకు ఒక రకంగా, పోలీసు కనిపిస్తే మర్యాదగా, మెత్తగా. దాంతో అతనికి హారనన్న అని పేరు పడిపోయింది. నన్ను 'సామీ' అనేవాడు. పక్కన నిటారుగా కూర్చుని ఉండే నాకు ఆ అరుపులు తల తీసేసినంత పనిగా ఉండేవి. అతను మాత్రం తన సొంత గొంతును బండికి ఉచితంగా ఇస్తున్నట్టు ఎన్నడూ అనలేదు. నిజానికి అదే నాకు అనుమానం కలిగించింది. ఇంత చేసి ఏమీ అడగని మనిషి ఇంకెక్కడో తీసుకుంటూ ఉండాలి కదా.

ఎక్కడ తీసుకుంటున్నాడో నాకు త్వరలోనే దొరికింది, డీజిల్లో. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో లీటరుకు బండి ఇంత దూరం పోతుందని అచ్చు వేసి ఉంది. మా బండి అందులో మూడింట రెండు వంతులే పోతోంది. పుస్తకం అబద్ధమని నాకు తోచలేదు. అచ్చులో ఉన్న మాటను నమ్మి మనిషి నోటి మాటను నమ్మని కాలం నాది. నేను హారనన్నను ఏమీ అనలేదు. అడగడం మా ఇంటా వంటా లేదు. కనిపెట్టడమే. రోజూ తెల్లవారుజామున డీజిల్ పోయించి, ట్యాంకు మూత బిగించి, దాని చుట్టూ, నడినెత్తినా ఎర్ర లక్క కరిగించి పోసి, తాతగారి ముద్ర ఒత్తడం మొదలుపెట్టాను. మొదటి రోజు హారనన్న చేతులు కట్టుకుని చూశాడు.

"ఇది ఏం పూజ సామీ?" అన్నాడు.

మా ఇంటి ఆచారమని చెప్పాను. అతను మూతకు నమస్కారం పెట్టి బండెక్కాడు.

ఆ వారంలోనే బండికి కొత్త జబ్బు పట్టుకుంది. ఊరి నుంచి చక్కగా బయలుదేరేది. సగం దూరం పోయి, బేతమంగల చెరువు కట్ట దగ్గరికి రాగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. అక్కడే ఒక టీ అంగడి ఉండేది. రోజూ సరిగ్గా ఆ అంగడి ముందరే ఆగడం నాకు సహజంగా కనిపించలేదు. టీ అంగడి ఆయనకూ హారనన్నకూ ఏదో ఒప్పందం ఉండాలనుకున్నాను. బండి ఆగగానే నేను దిగి మొట్టమొదట ముద్ర చూసేవాణ్ణి. చెక్కుచెదరకుండా ఉండేది. అయినా నమ్మకం చాలక, లక్క పగలగొట్టి, మూత తీసి, గీతలు చెక్కిన వెదురు పుల్ల ముంచి డీజిల్ కొలిచేవాణ్ణి. అంతసేపూ హారనన్న బానెట్ ఎత్తి ఏదో చూస్తుండేవాడు. తరువాత తాళం తిప్పితే బండి పలికేది. దీనితో నాకు అంతా తేటతెల్లమైపోయింది. బండిని ఆపుతున్నదీ అతనే, నేను లెక్క తీసేసరికి దొరికిపోతానని భయపడి బాగుచేస్తున్నదీ అతనే. ఇంత చక్కగా ఆలోచించగలిగినందుకు నన్ను నేను లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకుని మళ్ళీ ముద్ర వేయడానికి కూర్చునేవాణ్ణి. కట్ట మీద గాలి. కొవ్వొత్తి వెలిగేది కాదు. హారనన్న తన తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడేవాడు, నేను లక్క కరిగించేవాణ్ణి, టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరేవారు. ఈ క్రతువులోనే ఒకనాడు గని కూత వినబడింది.

అది మొదటి ఆలస్యం. గేటు దగ్గర స్టోర్ కీపరు గడియారం చూసుకుని, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన మద్రాసు వైపు మనిషి. నన్ను ఎప్పుడూ తంబీ, అంటే తమ్ముడూ, అనేవాడు. దుంగల దొర మనవణ్ణి పట్టుకుని తంబీ. కారణం కాగితం మీద రాసివ్వమన్నాడు. బండి చేసిన కంపెనీ తప్పు అని రాసిచ్చాను. రెండో ఆలస్యం నేను బండిలో లేని రోజు జరిగింది. నాకు జ్వరం, ముద్ర మాత్రం లేచి వేసి పంపాను. హారనన్న ఒక్కడే పోయి, కట్ట దగ్గర దాదాపు గంటసేపు ఆగిపోయాడట. ఆ తరువాత బండే దానంతట అది కదిలిందట. మళ్ళీ కంపెనీ తప్పు అని కాగితం. స్టోర్ కీపరు రెండు కాగితాలనూ ఒకే సూదికి గుచ్చి, ఇంక ఒక్కటే మిగిలిందని నాకు కబురు చేశాడు. నేను కంపెనీకి తంతి కొట్టాను.

ఉత్తరాలకు కదలనివాళ్ళు తంతికి కదిలారు. టై కట్టుకున్న ఇంజనీరు ఒకాయన కోలారు నుంచి కారులో వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, ముద్ర చూసి ఇదేమిటని అడిగాడు. మా ఆచారమన్నాను. ఎంత డీజిల్ ఉందో చూడాలి, తీయండన్నాడు. తీశాను. ఆ తరువాత ఆయన కట్ట దాటి కేజీఎఫ్ వరకూ నడుపుకుంటూ పోయి తిరిగొచ్చాడు. బండి పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రంలా పోయింది. ఒక్కసారి దగ్గలేదు. హారన్ సంగతి ఎత్తితే అది తన శాఖ కాదన్నాడు. తలుపు సంగతి ఎత్తితే, కిటికీలోంచి తెరుచుకుంటోంది కదా అన్నాడు. వాహనంలో లోపం లేదు, నడిపే మనిషి అలవాట్లు గమనించుకోవాలి అని కాగితం మీద రాసిచ్చి, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత నాకు రెండు విధాలుగా పనికొచ్చింది. కంపెనీ మనిషి రాగానే బుద్ధిగా నడిచే బండి కంపెనీకి లాలూచీ పడిన బండి అనుకున్నాను. నడిపే మనిషి గురించి నా అనుమానమే నిజమని కూడా అనుకున్నాను. రెండూ ఒకదానికొకటి పొసగవని నాకు తట్టలేదు. అనుమానానికి అంత పొందిక అక్కరలేదు.

దొంగను అక్కడికక్కడే పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. కంపెనీతో తేల్చుకోవడానికి బస్సులో కోలారు పోతున్నానని హారనన్నకు చెప్పి, మరునాటి తెల్లవారుజామున ఎప్పటిలాగే ముద్ర వేసి, అతను చాయ్ తాగుతుండగా వెనుక నుంచి బండెక్కి టార్పాలిన్ కింద దూరాను. అవ్వ చూసేసింది. గడప దగ్గర నిలబడి, ఎవరికీ వినబడకుండా అంది:

"మీ తాత కూడా ఎవర్నీ నమ్మినోడు కాదురా. ఎద్దులకు వేసే గడ్డి కూడా తూకం వేయించినాడు. కానీ గడ్డి కింద యాడా దూరలేదు."

కింద వంకాయ బస్తా, పైన కొత్తిమీర కట్టలు, పక్కన టమోటా పెట్టెలు. నిటారుగా ఉండటం ఎంత కష్టమో, బోర్లా పడుకుని కూడా నిటారుగా ఉండాలని ప్రయత్నించినవాడికే తెలుస్తుంది. వంకాయ తొడిమలకు ముళ్ళుంటాయని నెలల తరబడి ఆ సరుకే అమ్ముతున్న నాకు ఆ రోజే తెలిసింది. బండి బయలుదేరింది. ముందు నుంచి "పాం పాం" వినబడుతోంది. నేను పక్కన లేనప్పుడు హారనన్న ఆ అరుపుల మధ్య సన్నగా కూనిరాగం కూడా తీస్తాడని గమనించాను. (నా లెక్కలో అది కూడా ఒక నేరమే.) అనుకున్నట్టే కట్ట దగ్గర రెండు దగ్గులు, ఆపైన నిశ్శబ్దం. తలుపు చప్పుడు, బానెట్ చప్పుడు. ఇప్పుడు దొరుకుతాడని నేను టార్పాలిన్ చిరుగుకు కన్ను ఆనించాను.

టీ అంగడి ఆయన గొంతు వినబడింది. "వచ్చినావా అన్నా. నీ లెక్కన నీళ్ళు పొయ్యి మీద పెట్టేస్తా ఉండాను. ఈ పొద్దు మీ సామి యాడ?"

"కోలారికి పోయినాడు, కంపెనీ వాళ్ళతో గలాటా చేసేకి" అన్నాడు హారనన్న. అతను బానెట్ వెంటనే మూసేశాడు. ఇంజను వైపు చూడనైనా లేదు. వచ్చి ట్యాంకు పక్కన, సరిగ్గా నా తల కింద, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"చూస్తే ఏమొస్తాది, బానెట్‌లో ఏమీ లేదు. ఇదో, ఈ మూతలో ఉండాది జబ్బు. దీనికి నడినెత్తిన సూదిమొన అంత బొక్క ఉండాది, గాలి పీల్చుకునేకి. మా సామి దాని మీదే లక్క పోసి ముద్ర కొడతాడు. గాలి పోకపోతే డీజిల్ ఎట్లా దిగుతాది? నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె దిగుతాదా? ఆయన మూత తీసిన ప్రతిసారీ బండి పోతాది. కంపెనీ ఆయప్ప వచ్చినప్పుడూ అంతే."

"అయితే మూత తీసి వేసేయి అన్నా. గని కూతకు ఇంగ అర్ధగంట కూడా లేదు."

"తీస్తే ముద్ర పగలతాది. పగిలితే నేను దొంగ."

"ఆయనకు చెప్పేది కదా?"

హారనన్న గ్లాసు అందుకున్నాడు. టీ ఊదుకుంటున్న చప్పుడు వచ్చింది. "చెప్తే ఏమనుకుంటాడు? డీజిల్ తీసుకునేకి వీడు మూత తీయించాలని చూస్తా ఉండాడు అనుకుంటాడు. పాపం, మంచోడే. ఆ ముసలమ్మ వడ్డాణం ఈ బండిలో ఉండాది. ఈ పొద్దు మూడోసారి. పోతే అంతా పోతాది."

నేను చాలాసేపు కదలలేదనే చెప్పాలి. చాలాసేపంటే బహుశా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన ఆలోచన ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నేను ఇక్కడ ఉన్నానని వీళ్ళకు తెలిసి, కావాలని ఇలా మాట్లాడుతున్నారేమో అని మొదట అనుమానించాను. అది నిలవలేదు. ఆ తరువాత, వీళ్ళందరి ముందు కొత్తిమీర లోంచి లేవడం కంటే ఒప్పందం పోవడమే మేలేమో అనుకున్నాను. అది కూడా కొంతసేపు గట్టిగానే నిలబడింది. మా నాయన పన్నెండేళ్ళు అరుగు మీద ఎలా కూర్చోగలిగాడో నాకు అప్పుడు అర్థమైంది. కూర్చోవడం చాలా తేలిక. లేవడమే.

లేచాను. టార్పాలిన్ తోసుకుని, కొత్తిమీర నెత్తిన, టమోటా రసం మోచేతుల నిండా, టీ తాగుతున్న ఎనిమిది మంది ముందు బండిలో నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. హారనన్న గ్లాసు కింద పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, మెల్లగా అన్నాడు:

"కోలారికి దారి ఇది కాదు కదా సామీ."

నేను దిగి, ముద్రను రాయితో కొట్టి పగలగొట్టాను. మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది, చాలా రోజులుగా ఊపిరి బిగబట్టుకున్న మనిషిలాగా. హారనన్న తాళం తిప్పాడు. పలికింది. మూతను నా ఒళ్ళో పెట్టుకుని, చాకు మొనతో బొక్కలోని లక్క గీకుతూ పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఎద్దుబండి వచ్చినప్పుడు అతను తల బయటపెట్టాడు. నేను కూడా ఇవతలి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. నా గొంతు సరిగా రాలేదు. వంశంలో ఎవరికీ అలవాటు లేని పని.

అయినా అందుకోలేకపోయాము. గని ఇంకా అల్లంత దూరాన ఉండగానే కూత వినబడింది. మేము చేరేసరికి గేటు వేసి ఉంది. స్టోర్ కీపరు బయటికి వచ్చి గడియారం చూడలేదు, నా నెత్తిన ఉన్న కొత్తిమీర చూశాడు. తరువాత కాగితం, పెన్సిలు అందించాడు. కారణం రాయాలి. రాసే ముందు హారనన్న వైపు చూశాను. అతను టమోటా పెట్టెలు సర్దుతూ ఇటు చూడటం లేదు. కంపెనీ తప్పు అని రాస్తే ఇంజనీరు ఇచ్చిన కాగితం అడ్డం వస్తుంది. డ్రైవరు తప్పు అని రాస్తే ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది, ఒకవేళ అతన్ని తీసేసి ఇంకొకణ్ణి పెడతానంటే నాకు ఇంకో అవకాశం ఇచ్చినా ఇస్తారు. ఇవన్నీ నాకు తట్టలేదని చెప్పను. తట్టాయి. పెన్సిలు మొన నాలుకకు అద్దుకుని, "డ్రైవరు మీద అనుమానంతో ట్యాంకు మూతకు నేను లక్క వేశాను. అందువల్ల బండి ఆగింది. తప్పు నాది" అని రాసి, వంశం పేరుతో సహా సంతకం చేశాను.

స్టోర్ కీపరు రెండుసార్లు చదివాడు. రెండోసారి ఆయన మీసం కొంచెం కదిలింది. "తంబీ, ఇరవై ఏళ్ళుగా ఈ గేటు దగ్గర కాగితాలు తీసుకుంటా ఉండాను. బండి తప్పు, రోడ్డు తప్పు, వాన తప్పు. కాంట్రాక్టరు తప్పు అని ఇంతవరకూ ఒక్కటి రాలేదు. దీన్ని ఏ ఫైల్లో పెట్టేది?" అన్నాడు. లోపలి నుంచి వంటవాడు టమోటాలు వచ్చినాయా లేదా అని అరిచాడు. స్టోర్ కీపరు కాగితాన్ని మడిచి, సూదికి గుచ్చకుండా చొక్కా జేబులో పెట్టుకుని, గేటు తీయమన్నాడు. చిన్న పుస్తకం ఆయన చేతిలోనే ఉంది, అందులో ఏమీ రాయలేదు. "ఫైలు దొరికేదాకా నా దగ్గరే ఉంటాది. రేపటి నుంచి ఆ మైనం వద్దు" అన్నాడు. తంబీ అన్న మాట ఆ రోజు నాకు గుచ్చుకోలేదు. ఆయనకు ఫైలు ఎప్పటికీ దొరకలేదు, సంవత్సరం నిండేదాకా ఒప్పందం నాదిగానే నడిచింది.

తిరుగుదారిలో, చెరువు కట్ట దాటాక, ముందే ఎందుకు చెప్పలేదని హారనన్నను అడిగాను. అడగడం నాకు కొత్త, మాటలు సరిగా కుదరలేదు.

"మీరు కంపెనీని అడిగినారు" అన్నాడతను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పుల్ల ముంచి డీజిల్‌ని అడిగినారు. ముద్రను అడిగినారు. పక్కనే కూచోనుండాను, నన్ను అడగలేదు సామీ."

నేను కంపెనీకి కూడా నిజం రాశాను. నిజం రాయడం ఎంత బాగా పనిచేస్తుందో క్యాంటీను గేటు దగ్గర చూశాను కదా. మూతలో అలాంటి బొక్క ఉందని మీ పుస్తకంలో ఒక్క మాట అచ్చు వేసి ఉంటే ఇంత జరిగేది కాదని, మర్యాదగా, రెండు పేజీలు. ఈసారి అచ్చు కాగితం రాలేదు. మొదటిసారిగా నా పేరు రాసి, నాకోసమే టైపు చేసిన ఉత్తరం వచ్చింది. కంపెనీ ఆమోదించని లక్కను వాహనానికి పూసినందువల్ల ఇకమీదట దేనికీ తమ బాధ్యత లేదని అందులో ఉంది. ఆ తరువాత వెనుక స్ప్రింగు పట్టీలు విరిగినా, గేరుబాక్సు చేతిలోకి ఊడివచ్చినా, చివరికి ఆ ఎడమ తలుపు బేతమంగల సంతలో రాలిపడినా, కారణం లక్కే. నిజం చెప్పి నష్టపోయినవాళ్ళు మా వంశంలో అంతకుముందు లేరు. అవ్వ వడ్డాణం మళ్ళీ కొనలేకపోయాను, కానీ ఒప్పందం నిలిచిన ఆ ఏడాది ఆమె రోజూ తెల్లవారుజామున గడప దగ్గర నిలబడి బండి మలుపు తిరిగేదాకా చూసేది. మలుపు దగ్గర హారనన్న ఆమె కోసం ఒక పాం పాం తప్పకుండా వేసేవాడు.

ఇప్పుడు మా బంధువుల పిల్లలు బండ్లు కొంటూ, అనుభవం ఉన్న పెద్దమనిషి అని నా సలహా అడుగుతారు. ఏ కంపెనీ మంచిదో నాకు తెలియదని, నడపబోయే మనిషిని మాత్రం ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుని, అతను ఏమంటాడో వినమని చెబుతాను. వాళ్ళు బుద్ధిగా తల ఊపుతారు. ఊపుతూనే కంటి కొసతో ఒకరినొకరు చూసుకుంటారు. ఈ ముసలాయనకు ఏ డ్రైవరుతోనో లాలూచీ ఉండాలి, లేకపోతే ఎందుకు ఇలా చెబుతాడు అని. ఆ చూపు ఎవరిదో నాకు బాగా తెలుసు. కోప్పడదామని నోరు తెరుస్తాను, కొత్తిమీర వాసన ముక్కుకు సోకినట్టయి నవ్వు వచ్చేస్తుంది. దానితో వాళ్ళ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.